ఖాళీ గడిలో సున్నా

పర్చూరు వైపు పల్లెల్లో నన్ను చూసినవాళ్లు తక్కువ. నా గొంతు మాత్రం చాలామందికి తెలుసు. పత్తి పూతకొచ్చిన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం పొద్దున వాళ్ల ఫోన్లు మోగేవి. ఎత్తితే నేను మాట్లాడేదాన్ని. "నమస్కారం. మీ ఊళ్లో గులాబీ రంగు పురుగు తక్కువగా ఉంది. ఇప్పుడు మందు కొట్టాల్సిన అవసరం లేదు" అనో, "పురుగు ఎక్కువగా ఉంది, రెండు రోజుల్లోపు మందు కొట్టండి" అనో. ఆ రెండూ ఒకే మధ్యాహ్నం ఆఫీసు గదిలో కిటికీలు మూసేసి, చెమటలు కక్కుతూ రికార్డు చేసినవి. ఏ ఊరికి ఏది వెళ్లాలో తేల్చేది మాత్రం నేను కాదు, కంప్యూటర్లో నేను రాసిన స్క్రిప్టు.

మా ఆఫీసు గుంటూరు బ్రాడీపేటలో, ఒక రక్తపరీక్షల ల్యాబు పై అంతస్తులో ఉండేది. రైతులకు సలహాలిచ్చే చిన్న సంస్థ. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దాన్ని నడిపేవారు. ఆయన్ని మేమందరం సార్ అనేవాళ్లం. నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, పక్క వీధిలోని కోచింగ్ సెంటర్లో రెండేళ్లు పాఠాలు చెప్పి, గొంతు పోయి, ఇక్కడ చేరాను. గొంతు పోయినదాన్ని పట్టుకుని సందేశాలు రికార్డు చేయించడమేమిటని మా అమ్మ నవ్వేది.

పని ఇలా జరిగేది. పన్నెండు ఊళ్లు, ఊరికి నాలుగేసి చొప్పున చేలల్లో లింగాకర్షక బుట్టలు. కర్రకి కట్టిన పసుపుపచ్చ ప్లాస్టిక్ గరాటు, దాని కింద వేలాడే సంచి, లోపల ఆడపురుగు వాసన వేసే చిన్న ఎర. ఆ వాసనకి మగ రెక్కల పురుగులు వచ్చి సంచిలో పడతాయి. ఊరికొకరు పొద్దున్నే వెళ్లి సంచి విప్పి, పడినవాటిని లెక్కపెట్టి, ఫోన్‌లో నాలుగు గడుల్లో నాలుగు అంకెలు వేసి పంపాలి. వరుసగా మూడు రోజులు బుట్టకి ఎనిమిది దాటితే మందు కొట్టమని చెప్పాలి. దాటకపోతే అనవసరంగా కొట్టొద్దని చెప్పాలి. నా స్క్రిప్టు అంకెలన్నీ చదివి, ఊరివారీగా సగటు కట్టి, ఏ రికార్డు పంపాలో తేల్చి పంపేసేది. మనిషి చేస్తే పూటంతా పట్టే పని, నేను టీ తాగే లోపల అయిపోయేది.

మొదటి నెలలో అది మాటిమాటికీ చచ్చిపోయేది. ఎవరో ఒకరు ఏదో ఒక గడి ఖాళీగా వదిలేసేవారు. ఖాళీతో కూడిక చేయమంటే ఏ లెక్కయినా ఏం చేస్తుంది? తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చి నిలబడిపోయేది. సార్ వెనక నుంచి వచ్చి, "ఏమ్మా, మళ్లీ ఆగిందా?" అనేవారు. మూడోసారి ఆయన అలా అడిగిన రోజు నాకు చిన్నతనమనిపించింది. ఖాళీ కనబడితే దాన్ని సున్నాగా తీసుకోమని ఒక్క లైను రాశాను. ఆ తర్వాత అది ఆగలేదు. మా కోచింగ్ సెంటర్ స్నేహితురాలితో గొప్పగా కూడా చెప్పుకున్నాను, ఏం పడేసినా నడుస్తుందని.

ఆ ఏడు అక్టోబరు చివర వాయుగుండం పట్టుకుంది. గుంటూరులో మాకు ఇంటి ముందు నీళ్లు నిలిచాయి, అంతే. పర్చూరు, చిలకలూరిపేట వైపు నల్లరేగడి చేలు మోకాలిలోతు బురదయ్యాయి. సోమవారం నేను ఆఫీసుకి వెళ్లి స్క్రిప్టు నడిపాను. ఎప్పటిలాగే నడిచింది. పన్నెండింటిలో తొమ్మిది ఊళ్లకి "అవసరం లేదు" వెళ్లింది. గురువారం పదకొండు ఊళ్లకి అదే వెళ్లింది. వానకి పురుగు తగ్గిందనుకున్నాను. సార్ కూడా అంకెలు చూసి, "వాన మంచే చేసిందే" అన్నారు. ఇద్దరం సంతోషంగా ఉన్నాం.

రెండు వారాల తర్వాత ఆఫీసు నంబరుకి ఒకావిడ ఫోన్ చేసింది. నేనే ఎత్తాను.

"ఫోన్లో పురుగు గురించి చెప్పే పిల్లవి నువ్వేనా?" అంది.

"అవునండీ."

"గొంతు గుర్తుపట్టాన్లే. ఒకసారి మా చేలోకి రా తల్లీ. వచ్చి చూసిపో."

పర్చూరుకి నాలుగైదు మైళ్ల దూరంలో వాళ్ల ఊరు. అరుస్తుందేమో అనుకున్నాను, అరవలేదు. అందుకే వెళ్లకుండా ఉండలేకపోయాను. సార్‌కి చెప్పి మర్నాడు చిలకలూరిపేట దాకా ఒక బస్సు, అక్కణ్నుంచి పర్చూరుకి ఇంకో బస్సు, అక్కణ్నుంచి ఆటో పట్టుకున్నాను. ఆటో దిగేసరికి రోడ్డు పక్క ఆవిడే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, చీర కొంగు బొడ్లో దోపి, చెప్పులు చేత్తో పట్టుకుంది. "చెప్పులు తీసెయ్, బురదలో తెగిపోతయ్" అని నా వైపు తిరిగి చూడకుండానే గట్టు మీద నడవడం మొదలుపెట్టింది.

చేను పైకి బాగానే ఉంది. ఆకు పచ్చగా, కాయ నిండుగా. ఆవిడ ఒక కాయ కోసి, బొటనవేలితో నొక్కి పగలగొట్టి నా అరచేతిలో పెట్టింది. లోపల దూది ఇంకా తడిగా ఉంది. ఒక పక్క పసుపుగా మరకపట్టి, అందులో గులాబీ రంగు పురుగు మెల్లగా కదులుతోంది. ఇంకో కాయ పగలగొట్టింది. అందులోనూ ఉంది. మూడోది, నాలుగోది కూడా అలాగే ఉన్నాయి. ఒక్కొక్కటే పగలగొట్టి చేతిలో పెడుతూ పోయింది. రెండు చేతులూ నిండిపోయి నేను ఏం చేయాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

పక్క చేలోంచి ఆవిడ మరిది వచ్చాడు. ఆయన అరిచాడు.

"ఏవమ్మా, మీరు కొట్టొద్దన్నారనే గదా కొట్టలా! వాన ఎలిసింతర్వాత కొడదామని నేను మందు గూడా తెచ్చిపెట్టా. మా వదినే ఆపింది. 'ఫోన్లో అమ్మాయి చెప్పింది, అక్కర్లేదంట' అని. ఇప్పుడు చూడు!"

"నువ్వాగరా కాసేపు" అంది ఆవిడ.

"మీ ఊరి బుట్టల లెక్క తక్కువ వచ్చిందండీ, అందుకే అలా..." అన్నాను.

"లెక్కెక్కడిది?" అంది ఆవిడ. "ఈ ఊళ్లో బుట్టలు చూసేది నేనే గదా. వానకి రెండు బుట్టలు కర్రతో సహా పడిపోయినయ్. వారంపైన చేలోకి అడుగుపెట్టటానికే లేదు. ఏం లెక్క పంపిస్తా?"

అప్పటిదాకా నాకు తెలియదు, ఆ ఊరి నుంచి అంకెలు పంపేది ఆవిడేనని. నా దగ్గర ఆవిడ పేరు లేదు, ఊరికి ఒక కోడు ఉంది, అంతే. ఆవిడ బొడ్లోంచి ఫోన్ తీసి, కళ్లకి దూరంగా పట్టుకుని వెతికి చూపించింది. ఆ రోజులన్నిటికీ నాలుగు గడులూ ఖాళీగా ఉన్నాయి. రోజూ పొద్దున్నే, వాన కురుస్తున్నా, ఖాళీ ఫారం పంపుతూనే ఉంది.

"సున్నా అని పెడితే అబద్ధం గదా" అంది. "సున్నా అంటే పోయి చూశా, లేవు అని. నేను పోలా. అందుకే ఖాళీగా వదిలా. నేను చూళ్ళేదని చెబితే నువ్వు లేవని చెప్పావేంది తల్లీ?"

ఎర్ర అక్షరాలు వచ్చి నిలబడిపోకూడదని నేను రాసిన ఆ ఒక్క లైను గుర్తొచ్చింది. దాన్ని ఆవిడకి ఎలా చెప్పాలో తెలియలేదు. తెలిసినంతలో చెప్పాను. ఖాళీలు వస్తే మిషను ఆగిపోతోందని, ఆగకుండా ఉండాలని ఖాళీల్లో సున్నా పెట్టుకోమన్నానని, తప్పు నాదేనని. చెబుతున్నంతసేపూ నా చేతుల్లో కాయలు అలాగే ఉన్నాయి.

ఆవిడ కాసేపు విని, "ఆగితే ఏం?" అంది.

మరిది, "అడగాల్సింది అదే" అని గొణిగి వెళ్లిపోయాడు. ఆవిడ నా చేతుల్లోని కాయలు తీసుకుని గట్టు మీద పోసి, కాలితో తొక్కింది. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. వద్దన్నాను, వినలేదు. గోంగూర పచ్చడి, చారు. తింటుంటే కళ్లు మండాయి. పచ్చడి కారం వల్లే అనుకుందేమో, మజ్జిగ గ్లాసు దగ్గరికి జరిపింది.

తిరిగి వచ్చిన మర్నాడు సార్‌కి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "వానలో బుట్టలెవరు చూస్తారని నాకన్నా తట్టాలి గదమ్మా" అన్నారు. "ముప్ఫయ్యేళ్లు చేలల్లో తిరిగినవాణ్ని. తెర మీద అంకె కనపడేసరికి అడగడం మర్చిపోయాను."

ఆ రెండు వారాల ఫారాలన్నీ తీసి చూశాం. తొమ్మిది ఊళ్లలో ఖాళీలున్నాయి. వాటిలో ఐదింటిలో దాదాపు అన్నీ ఖాళీలే. ఆ ఐదు ఊళ్ల రైతులకి మిషనుతో కాకుండా మేమే ఫోన్లు చేశాం. నేను సగం, సార్ సగం. మేం పంపిన సందేశం తప్పు, మీ కాయలు కోసి చూసుకోండి అని చెప్పాం. కొందరు తిట్టారు. కొందరు ఊరికే విని పెట్టేశారు. ఒక ముసలాయన మాత్రం, "మీ మాట ఎవరు విన్నారమ్మా? నేనెప్పుడో కొట్టేశా" అన్నాడు. ఆ రోజు నాకు సంతోషంగా అనిపించిన మాట అదొక్కటే.

తర్వాత స్క్రిప్టు ముందేసుకుని కూర్చున్నాను. మొదట ఆ లైను తీసేశాను. తీసేస్తే మళ్లీ పాతకథే, ఖాళీ తగలగానే నడిమధ్యలో పడిపోవడం. పడిపోవడం వేరు, ఆగడం వేరు. పడిపోయేది ఎక్కడ పడిందో, ఎందుకు పడిందో చెప్పదు. అప్పటికి సగం ఊళ్లకి సందేశాలు వెళ్లిపోయి కూడా ఉండొచ్చు. అందుకని లెక్క మొదలుపెట్టకముందే రెండు ప్రశ్నలు వేయించాను. ఈ ఊళ్లో నాలుగు బుట్టల్లో కనీసం మూడింటిని చూసి పంపారా? పంపిన అంకెలు ఈ మూడు రోజులవేనా? రెండిటికీ అవుననే జవాబు రాకపోతే అక్కడే ఆగాలి. సగటు కట్టకూడదు, సందేశం ఎంచకూడదు. ఏ ఊరు, ఏ బుట్ట, ఏ రోజు అన్నది మాత్రం రాసి చూపించి ఊరుకోవాలి. నేను రాసే భాషలో ఆపడానికి ఒక్క చిన్న మాట చాలు. దాన్ని అన్నాళ్లూ నేను వాడనేలేదు.

మొదటిసారి రాసినప్పుడు ఏ ఒక్క ఊరు తప్పినా మొత్తం ఆగిపోయేలా రాశాను. భయం అలాంటిది. ఆ సోమవారం ఒక్క ఊరి వల్ల పన్నెండు ఊళ్లకీ ఏమీ వెళ్లలేదు. సార్ నవ్వి, "ఒకరింట్లో పొయ్యి వెలగలేదని ఊరందరినీ పస్తు పెడతావా?" అన్నారు. దాన్ని ఊరివారీగా మార్చాను. లెక్క సరిపోయిన ఊరికి సందేశం వెళ్తుంది, సరిపోని ఊరి దగ్గర మాత్రం ఆగుతుంది.

మరి ఆగిన ఊరికి ఏం చెప్పాలి? ఏమీ చెప్పకపోతే, ఫోన్ రాలేదు కాబట్టి పురుగు లేదనుకుంటారు. మూడో సందేశం కావాలి. రాసుకున్నాను. "సాంకేతిక కారణాల వల్ల ఈ వారం మీ గ్రామానికి సంబంధించిన సమాచారం అందుబాటులో లేదు." రికార్డు చేసేముందు ఎందుకో ఆ పర్చూరు వైపు ఆవిడకి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఇదేందమ్మా, కరెంటోళ్లు చెప్పినట్టు చెబుతున్నావు?" అంది.

"మరెలా చెప్పమంటారండీ?"

"ఏముంది చెప్పటానికి? మీ ఊళ్లో బుట్టలు చూళ్ళేదు. పురుగుందో లేదో మాకు తెలీదు. అంతే గదా జరిగింది?"

సార్‌కి అది నచ్చలేదు. "మాకు తెలీదు అని మనమే చెప్పుకుంటే ఇంక మన ఫోన్ ఎవరెత్తుతారమ్మా?" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. రెండు రోజులు ఆ వాక్యం చుట్టూ తిరిగాం. చివరికి ఆయనే దారి చూపించారు. తెలీదు అని వదిలేయకుండా, తెలుసుకునే పద్ధతి కూడా చెబుదాం అన్నారు. అలా తయారైంది మూడో సందేశం. "నమస్కారం. ఈసారి మీ ఊళ్లో బుట్టలు చూడలేదు. పురుగు ఉందో లేదో మాకు తెలియదు. మీ చేలో అక్కడక్కడా ఇరవై పచ్చికాయలు కోసి, పగలగొట్టి చూడండి. రెండు కాయల్లోగాని, అంతకు మించిగాని పురుగుంటే మందు కొట్టండి." రికార్డు చేస్తుంటే "తెలియదు" దగ్గర రెండుసార్లు తడబడ్డాను. మూడోసారి వచ్చినదాన్ని అలాగే ఉంచేశాను.

ఆ ఏడు పంట ఎలాగూ మా చేతులు దాటిపోయింది. ఆ పర్చూరు ఆవిడ మొదటిసారి పత్తి తీతలో వచ్చింది తీసుకుని, మిగతా చేను ముందే దున్నించేసి శనగ చల్లింది. నష్టం ఎంతని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. బుట్టలు చూడడం మాత్రం మానలేదు. మళ్లీ ఏడాది కూడా ఆవిడే చూస్తానంది.

మరుసటి ఏడు ఇంకో సంగతి జరిగింది. స్క్రిప్టు బాగా ఆగుతోంది. ఎక్కడ ఆగిందో సోమవారం పొద్దున్నే జాబితా వస్తోంది. సార్ ఆ జాబితాని బుట్టలు చూసేవాళ్లందరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఆ ఊళ్లవాళ్లకి ఫోన్ చేసి కారణం అడిగేవారు. నెల తిరిగేసరికి జాబితా చిన్నదైంది. తర్వాత ఖాళీ అయింది. ఒక గురువారం అన్ని ఊళ్లూ సరిపోయాయి. సార్ స్వీట్లు తెప్పించారు.

టీ తాగుతూ ఊరికే అంకెల మీద కళ్లు పరుగెత్తిస్తుంటే చిలకలూరిపేట పక్క ఊరి దగ్గర నా చూపు ఆగింది. ఐదు, నాలుగు, ఐదు, నాలుగు. ముందు రోజు కూడా ఐదు, నాలుగు, ఐదు, నాలుగు. రెండు వారాలుగా అంతే. పురుగులు మరీ అంత పద్ధతిగా పడవు.

ఆ ఊళ్లో బుట్టలు చూసేది ముప్ఫై అయిదేళ్ల మనిషి. రెండెకరాలు పత్తి, దాంతోపాటు పేటలో, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పని. నేను వెళ్లేసరికి షిఫ్టు దిగి మిల్లు గేటు బయటికి వచ్చాడు. జుట్టు మీద, కనుబొమల మీద దూది నూగు. నన్ను చూడగానే ఎందుకొచ్చానో అర్థమైనట్టుంది. ఎదురుగా ఉన్న టీ కొట్లో కూర్చున్నాం.

"పొద్దున షిఫ్టు పడిందండి" అన్నాడు. "ఆరింటికల్లా మిల్లులో ఉండాలి. చేలోకెళ్లి నాలుగు బుట్టలూ చూసి రావటానికి కుదరట్లేదు."

"మరి ఖాళీగా వదిలెయ్యొచ్చు కదండీ?"

"వదిలేశానండి మొదట్లో. రెండుసార్లు. అందరున్న గ్రూపులో మా ఊరు ఆగిపోయిందని పెట్టారు. సార్ ఫోన్ చేసి ఎందుకు చూళ్లేదని అడిగారు. పెద్దాయన, ఆయనకేం చెబుతాం? మా ఊరోళ్లు గూడా, 'నీవల్లే గదరా మనకి తెలీదని ఫోనొస్తంది' అన్నారు." తల వంచుకుని, "ఎనిమిదికి తక్కువే వేశానండి, ఎవరికీ ఇబ్బంది లేకుండా" అన్నాడు.

ఇబ్బంది లేకుండా. నేను సున్నా రాసుకున్నదీ అందుకే. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. వాళ్ల ఊళ్లో కాయలు కోసి చూద్దామా అని అడిగాను. ఆయన మిల్లు బట్టలతోనే నన్ను బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు. ఇద్దరం కోశాం. ఇరవైలో ఒకదాంట్లో ఉంది. బతికిపోయాం. ఆయన నాకంటే ఎక్కువ ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ సాయంత్రమే సార్‌కి చెప్పాను. ఈసారి చెప్పడం కష్టమైంది. ముందటిసారి తప్పు నాది, ఇప్పుడు ఆయనది కూడా.

"అడగటం తప్పా?" అన్నారు కాస్త గట్టిగా.

"అడగటం తప్పు కాదు సార్. ఖాళీ పెట్టినవాళ్లని అడుగుతున్నాం, అంకె పెట్టినవాళ్లని అడగట్లేదు. అందుకని అంకె పెట్టేస్తున్నారు."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. కింద ల్యాబు ముందు జనం నిలబడి ఉన్నారు. వాళ్లని చూస్తూ, "శాఖలో ఉన్నప్పుడు మా పై అధికారులకి నేనూ ఇలాగే అంకెలు పంపేవాణ్ని" అన్నారు. అంతకంటే వివరంగా చెప్పలేదు. మర్నాడు జాబితాని గ్రూపులో పెట్టడం మానేశారు. ఫోన్లు చేశారు గానీ, కారణం అడగడానికి కాదు. బుట్ట పడిపోయిందా, ఎర అయిపోయిందా, ఇంకెవరినైనా చూడమందామా అని. నేను ఫారంలో ప్రతి గడి పక్కనా "చూడలేదు" అని ఇంకో బటన్ పెట్టాను. ఖాళీగా వదలడానికి మొహమాటపడేవాళ్లు కూడా ఆ బటన్ ధైర్యంగా నొక్కారు. జాబితా మళ్లీ పెరిగింది. స్వీట్లు ఎవరూ తేలేదు గానీ, పెరిగిన ఆ జాబితాని చూసి నాకు మాత్రం నెమ్మదిగా ఉండేది. మిల్లులో పనిచేసే ఆయన తన వంతు తమ్ముడి భార్యకి అప్పగించాడు. ఆ అమ్మాయి పంపే అంకెలు రెండు, పదకొండు, సున్నా, ఆరు అన్నట్టు వచ్చేవి. చూడగానే నమ్మబుద్ధయ్యేది.

నవంబరులో ఒక సోమవారం పర్చూరు వైపు ఆవిడ ఊరి దగ్గర స్క్రిప్టు ఆగింది. నాలుగు బుట్టలకీ "చూడలేదు" అని ఉంది. ఆవిడకి ఏమైందోనని ఫోన్ చేశాను. అక్క కూతురి సీమంతానికి చీరాల వెళ్లిందట, ఇప్పుడే తిరిగొచ్చిందట. "నాక్కూడా నీ ఫోన్ వచ్చిందిలే, తెలీదని. కాస్త పొద్దెక్కినాక కాయలు కోద్దామనుకుంటున్నాం. వస్తావా?" అంది. ఊరికే అందో, నిజంగానే అందో. నేను నిజమే అనుకుని బస్సెక్కాను.

నేను చేరేసరికి గట్టు మీద గోనెపట్టా పరిచి ఆరేడుగురు కూర్చున్నారు. ఎవరి చేలో కాయలు వాళ్లు కోసి తెచ్చుకుని, ఎవరి కుప్ప వాళ్లు ముందేసుకుని పగలగొడుతున్నారు. కొడవలి ఒక్కటే ఉంటే అది చేతులు మారుతోంది. ఆవిడ కుప్పలో మూడు కాయల్లో పురుగు కనబడింది. పక్కనే మరిది కుప్ప. ఇరవై కాయలూ అయిపోయాయి, ఒక్కటే దొరికింది.

"పక్క పక్క చేలే గదా, నాకు మూడింట్లో ఉంటే నీకెందుకు ఒకదాంట్లోనే ఉంది?" అంది ఆవిడ.

"నేను పురుగుకి గూడా నచ్చనేమో" అన్నాడాయన. అందరూ నవ్వారు. నా వైపు తిరిగి, "ఇప్పుడు నేను కొట్టాల్నా, వద్దా? చెప్పు" అన్నాడు. ముందు ఏడాది అరిచిన మనిషే.

"ఇవాళ అక్కర్లేదండీ. నాలుగు రోజులాగి మళ్లీ ఇరవై కోసి చూడండి."

"అప్పుడు నువ్వు రావుగా."

"రానక్కర్లేదు గదండీ. మీరే కోస్తారు, మీరే చూస్తారు."

ఆయన పగలగొట్టిన కాయల్ని దోసిట్లోకి ఎత్తుకుని గేదెల వైపు వెళ్లాడు. ఆవిడ ఆ మధ్యాహ్నమే మందు కొట్టించింది.

ఆ ఏడు వాళ్ల పంట బ్రహ్మాండమేమీ కాదు. పురుగు నుంచి చాలావరకు గట్టెక్కారు గానీ, రెండో తీత సమయానికి కూలీలు మిరప చేలకి వెళ్లిపోయి దొరకలేదు. పత్తి చెట్ల మీదే ఉండి మంచుకి నల్లబడింది. ఆ సంగతి ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. సార్ ఆరోగ్యం అడిగింది. నా పెళ్లి గురించి అడిగింది. పెట్టేయబోతూ ఇంకో మాట అంది.

"ఆ మూడోది చెప్పేటప్పుడు నీకు జలుబు చేసిందా తల్లీ?"

"లేదండీ. ఎందుకు?"

"గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటది. తెలీదు అనేకాడ అసలు వినపడదు. ముసలోళ్లు ఏందేందని నన్నడుగుతున్నారు. ఈసారి కాస్త గట్టిగా చెప్పు."

సరేనన్నాను. జూన్‌లో, ఇంకా విత్తనాలు వేయకముందే, దాన్ని మళ్లీ రికార్డు చేశాను.